ధర్మకాటా

మా బోర్డు మీద ధర్మకాటా అని రాసుంటుంది. చీమకుర్తి రాళ్ల లారీలు పోయే దారి మాది. కాటా పేరులోకి ధర్మం ఎందుకొచ్చిందో పదిహేనేళ్లు పట్టించుకోలేదు. బండి ఎక్కుతుంది, అంకె ఎర్రగా వెలుగుతుంది, స్లిప్పు కొడతాను, డబ్బులు తీసుకుంటాను. తప్పుడు అంకె మాత్రం ఎన్నడూ కొట్టలేదు. "అన్నా, ఒక టన్ను తగ్గించవా" అని బతిమాలినవాళ్లకి టీ ఇప్పించి పంపేశాను. అంతవరకే నా ధర్మం అనుకున్నాను.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం గెలాక్సీ రాయి వేసుకుని పది టైర్ల బండి వచ్చింది. రెండే దిమ్మెలు. అంకె 36.5 టన్నుల దగ్గర నిలబడింది. ఆ బండికి బండీ సరుకూ కలిపి 2018 దాకా 25 టన్నులే హద్దు, ఆ ఏడాది జులైలో కేంద్రం 28.5 చేసింది. ఇంకా ఎనిమిది టన్నులు ఎక్కువే. పట్టుబడితే 20,000, ఆపైన టన్నుకి 2,000. డ్రైవరు కుర్రాడు వేళ్ల మీద లెక్కేసి "ముప్పై ఆరు వేలు" అన్నాడు. డబ్బు కట్టేస్తే సరిపోదు, ఎక్కువ సరుకు దించాలి కూడా. బియ్యం బస్తాలైతే నాలుగు కింద పడేస్తాడు. రాయిని ఏం చేస్తాడు?

"నేను పోకపోతే ఇంకొకడు పోతాడు అన్నా" అని స్లిప్పు మడిచి జేబులో పెట్టుకున్నాడు. బంపరుకి నిమ్మకాయలు వేలాడుతున్నాయి. కమాన్లు వంపు పోయి బల్లపరుపుగా అణిగిపోయాయి. బండి వెళ్లిపోయింది. దానికేమీ కాలేదు. నాకే ఆ పూట అన్నం సయించలేదు.

దసరాకి కాటా పూజకొచ్చే పంతులుగారు ఎప్పుడో చెప్పారు: చేసినవాడు, చేయించినవాడు, ఉసిగొల్పినవాడు, సరేనని ఊరుకున్నవాడు, నలుగురికీ పాపం సమానమే అని. చట్టం ముగ్గురి దగ్గర ఆగింది: నడిపినవాడు, నడిపించినవాడు, నడపనిచ్చినవాడు. స్లిప్పు కొట్టినవాడి ఊసు అందులో లేదు. పంతులుగారి లెక్కలో మాత్రం నాకు చోటుంది.

"సమానమంటే పంచుకోవడమా స్వామీ? నాకు పావువంతేనా?" అని ఆ దసరాకి ఆయన్ని అడిగాను.

అలా అడగడం నా వృత్తిలోంచే వచ్చింది. 1958-60 మధ్య అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒట్టావా దగ్గర, లారీల్ని పదే పదే తిప్పి రోడ్డు ఎలా పాడవుతుందో చూశారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి దెబ్బ దాదాపు పదహారింతలని తేలింది. అదే బరువుని రెట్టింపు ఇరుసుల మీదికి సర్దితే దెబ్బ మొత్తమ్మీద ఎనిమిదో వంతుకి దిగుతుంది. ఆ కుర్రాడి బండి వెనక జోడు ఇరుసులకి హద్దు 21 టన్నులు. ముందు ఇరుసుకి దాని ఏడున్నరా తీసేసినా వెనక 29 ఉంది. రోడ్డుకి మూడున్నరింతలకు పైగా దెబ్బ. పంచితే తేలికవుతుందన్నది నాకు తెలిసిన సత్యం.

పంతులుగారు నవ్వారు. "వాల్మీకిని పెళ్లాం పిల్లలు ఏమన్నారు? పాపంలో పాలు మాకొద్దన్నారు. సరే, పుచ్చుకుంటామన్నారే అనుకో, ఆయనది తగ్గేదా? నీ కాటా మీద మనిద్దరం నిలబడితే నా బరువు నీకొస్తుందా?"

నాకు మింగుడుపడలేదు. "అలాగైతే ఒక రాయికి నాలుగు రాళ్ల పాపం తూగుతోంది. అలాంటి కాటాకి తూనికలు కొలతల శాఖ వాళ్లు సీలు వెయ్యరు స్వామీ" అన్నాను. ఆయన మాట్లాడకుండా పసుపు కలుపుకున్నారు.

అప్పట్నుంచి స్లిప్పు మీద బరువు పక్కనే ఆ బండి హద్దు కూడా పెన్నుతో రాసిస్తున్నాను. కొందరు నా ముందే చింపేస్తారు. కొంత గిరాకీ పక్క కాటాకి పోయింది. ఇదేమైనా లెక్కలోకి వస్తుందా అని మొన్న దసరాకి మళ్లీ అడిగాను. ఆయన వినిపించుకోనట్టే అంకెల పెట్టెకి కుంకుమ పెట్టి, పళ్లెం మీద కొబ్బరికాయ కొట్టి, రెండు చిప్పలూ అక్కడే ఉంచి పక్కకి దిగారు. నేను కిటికీలోంచి అంకె చూశాను. సున్నా కదల్లేదు. పది కేజీల లోపు మా కాటాకి కనపడదు.