రక్తదానము – సత్యవ్రతము

జైనధర్మమున దానము నాలుగు విధములుగా చెప్పబడినది. అవి ఆహారదానము, ఔషధదానము, శాస్త్రదానము, అభయదానము. ఒక మనుష్యుని రక్తమును మరియొకని దేహములోనికి ఎక్కించు విద్య పూర్వాచార్యుల కాలమున లేదు గనుక రక్తదానమను పేరు ఆ గ్రంథములలో కానరాదు. అయినను, ప్రసవ సమయమున రక్తస్రావముతో ప్రాణముమీదికి వచ్చిన తల్లికి గాని, రెండు నాలుగు వారముల కొకసారి రక్తము ఎక్కించనిదే బ్రదుకజాలని థలసీమియా బిడ్డకు గాని రక్తమిచ్చుట ఔషధదానమును అగును, అభయదానమును అగును. అందుచేతనే మహావీర జయంతి నాడు రక్తదాన శిబిరములు జరుపుట అనేక పట్టణములలోని జైన సంఘములకు ఆచారమైనది. ఇది మిక్కిలి కొనియాడదగిన విషయము.

కాని ఔషధమని ఇచ్చినది రోగమై పరిణమించినచో ఆ దానము ఏమగును? దాని పాపము ఎవరిది? ఈ ప్రశ్న శిబిరములు జరుపువారును, చేయి చాచి రక్తమిచ్చువారును తప్పక ఆలోచింపవలసినది.

దానఫలము నాలుగింటిని బట్టి హెచ్చుతగ్గు లగునని ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రమున తెలిపినారు. ఇచ్చు విధి, ఇచ్చు ద్రవ్యము, ఇచ్చు దాత, పుచ్చుకొను పాత్రుడు అనునవి ఆ నాలుగు. అన్నదానమున ద్రవ్యశుద్ధిని కంటితో చూడవచ్చును, వాసనచే తెలిసికొనవచ్చును. రక్తమట్లు కాదు. నిర్దోషమైన రక్తమును, వైరస్ చేరిన రక్తమును ఒకే సీసాలో ఒకే ఎరుపుతో ఉండును. ఇచ్చువానికి తెలియదు, పుచ్చుకొనువాడు అడుగలేడు.

రక్తములో వర్గములు గలవని 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ ప్రకటించిన తరువాత రక్తమెక్కించుట చాలవరకు నిరపాయమైనది. కాని పిమ్మట వేరొక చిక్కు బయలుపడినది. రక్తము పుచ్చుకొని కోలుకొన్నవారిలో కొందరికి కొన్ని వారములకో నెలలకో కామెర్లు రాజొచ్చెను. 1965లో బరూక్ బ్లంబర్గ్ ప్రకటించిన పరిశోధన వలన హెపటైటిస్ బి గుట్టు తెలియుటకు దారి ఏర్పడినది. హెపటైటిస్ సి వైరస్ 1989లో గాని పట్టుబడలేదు. ఈ నడుమ ఎయిడ్స్ వ్యాధిని కలిగించు హెచ్.ఐ.వి. బయలుదేరి, భారతదేశమున మొదట 1986లో మద్రాసులో గుర్తింపబడినది. నేడు మన దేశమున ప్రతి సీసా రక్తమును హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా అను అయిదింటికి పరీక్షించి తీరవలెను.

పరీక్ష ఉన్నది గదా, ఇక భయమేల అని పలువురు అడుగుదురు. పరీక్ష గొప్పదే గాని సర్వజ్ఞము కాదు. వైరస్ దేహమున ప్రవేశించిన దినము మొదలు పరీక్షకు చిక్కు దినము వరకు కొంత వ్యవధి గలదు. సాధారణ పరీక్షలలో ఈ వ్యవధి హెచ్.ఐ.వి.కి సుమారు మూడు వారములు, హెపటైటిస్ బికి నెలకు పైగా, హెపటైటిస్ సికి ఇంకను ఎక్కువ. వైరస్ యొక్క జన్యుపదార్థమునే వెదకు న్యాట్ అను నూతన పరీక్ష ఈ వ్యవధిని చాల తగ్గించును గాని పూర్తిగా తీసివేయదు. అదియును దేశములోని అన్ని రక్తనిధులలో లేదు. ఈ నడిమి దినములలో రోగిని కాపాడునది ఒక్కటే, దాత చెప్పు నిజము. పత్రములో అడుగు ప్రశ్నలన్నియు అందుకొరకే. కామెర్లు వచ్చెనా, పచ్చబొట్టు పొడిపించుకొనెనా, సూది మందులు ఎక్కడ వేయించుకొనెను, శీలవిషయమున జాగ్రత్త తప్పెనా అని అడుగుట అవమానించుటకు కాదు.

వ్యాపారికి ఈ సంగతి సులభముగా బోధపడును. సరకు మంచిదో చెడ్డదో అమ్మువానికి మాత్రమే తెలిసినచోట, ధర అతనిచే అబద్ధమాడించును. రక్తమునకు ధర కట్టినచో పేదవాడు తన రోగమును దాచుననియు, ఉచితముగా ఇచ్చువానికి దాచవలసిన పని లేదనియు 1970లో బ్రిటిష్ పండితుడు రిచర్డ్ టిట్మస్ ఒక గ్రంథమున వాదించెను. ఆ హెచ్చరిక ఆయన దేశముననే సాగలేదు. రక్తము గడ్డకట్టని హీమోఫీలియా రోగులకొరకు అమెరికాలో డబ్బిచ్చి సేకరించిన ప్లాస్మాతో చేసిన మందును 1970ల దశాబ్దములో బ్రిటన్ దిగుమతి చేసికొనెను. వేలాదిమంది ప్లాస్మాను ఒకటిగా కలిపి ఆ మందు చేసెడివారు. నేతి కొప్పెరలో ఒక్క చుక్క చెడుగు పడిన చందమున, ఒకని రోగము ఎందరికో ప్రాకెను. కలుషిత రక్తము వలనను, అట్టి మందుల వలనను ఆ దేశమున ముప్పదివేలమందికి పైగా రోగములు సోకెననియు, సుమారు మూడువేలమంది మరణించిరనియు 2024 మే నెలలో వెలువడిన విచారణ నివేదిక తేల్చినది. భారతదేశమున సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ననుసరించి రక్తమును అమ్ముకొనుట 1998 జనవరి మొదలు నిషేధింపబడినది.

ధర తీసివేసినంత మాత్రమున దోషము పోయినదా? డబ్బు ఒక్కటే ధర కాదు. కీర్తియు ధరయే. ఒక ఉదాహరణము ఊహించుకొనవచ్చును. సంఘ శిబిరమున ఒక యువకుడు వరుసలో నిలిచియున్నాడు. ఏటేటా రక్తమిచ్చి, మెడలో దండ వేయించుకొన్నవాడు. నెల క్రిందట అతడు చేయరాని తప్పు చేసినాడు. వరుసలో ముందు పెదనాన్న, వెనుక కాబోవు మామగారు. వెనుదిరిగినచో ఏమనుకొందురో అని భయము. పైగా, ఇక్కడ ఎటులును పరీక్ష చేయుదురు గదా, తన సంగతియు తెలియునని ఒక మూల ఆశ. పత్రములో అన్నిటికిని లేదు, లేదు అని వ్రాసి చేయి చాచెను.

ఇతడు చేసినది దానమా? హింసకు మూలము ప్రమాదము, అనగా ఏమరుపాటు అని జైనశాస్త్రము చెప్పును. నేల చూచి మెల్లగా అడుగిడు ముని పాదము క్రింద అనుకోకుండ ఒక పురుగు చచ్చినను ఆయనకు హింసాదోషము అంటదు. చూడక నడచువాని క్రింద ఏ ప్రాణియు చావకున్నను అతడు హింసకుడే. అట్లే, తన దేహములోని రోగమెరుగక అడిగినదానికెల్ల నిజము చెప్పి రక్తమిచ్చినవాడు, ఆ రక్తము వలన కీడు జరిగినను, దోషి కాడు. తెలిసి దాచినవాడు, ఆ రక్తము మంచిదే అయినను, దోషియే. అతని అదృష్టము రోగిని కాపాడినది గాని అతని ధర్మము కాపాడలేదు. కల్తీ సరకును మంచిదని చెల్లించుట అచౌర్యవ్రతమునకు అతిచారమని పెద్దలు చెప్పినది అంగడికి మాత్రమేనా? కంటికి కనబడని జీవులకొరకు నీటిని వడగట్టి త్రాగు ఇంటివారు, రక్తమిచ్చుటకు ముందు తమ జ్ఞాపకమును ఒకసారి వడగట్టుట కష్టమా?

అయితే నేరమంతయు ఆ యువకునిదే అనుట న్యాయము కాదు. నిజము చెప్పుటకు చోటు లేకుండ చేసిన సంఘమునకును అందు భాగము కలదు. ఎన్ని సీసాలు పోగైనవో వేదికపై చాటి, పోయిన ఏటికంటె తగ్గినదని చిన్నబుచ్చుకొను పద్ధతి మానవలెను. ప్రశ్నలు అడుగుచోటు తెర చాటున, బంధువుల చెవికి అందని దూరమున ఉండవలెను. వెనుదిరిగినవానిని ఏమియు అడుగరాదు. రక్తము తక్కువైనను, ఉపవాసముండినను, మందు వాడుచుండినను వైద్యులు వెనుకకు పంపుదురు గనుక కారణమెవరికిని తెలియనక్కరలేదు. ఇచ్చిన తరువాత మనసు మారినను రక్తనిధికి ఫోను చేసి ఆ సీసాను వాడవద్దని చెప్పవచ్చునని అందరికిని తెలుపవలెను. అనుమానముగలవారికి ప్రభుత్వ ఆసుపత్రులలోని ఐ.సి.టి.సి. కేంద్రములలో ఉచితముగాను, రహస్యముగాను హెచ్.ఐ.వి. పరీక్ష చేయుదురు. పరీక్షకొరకు దానమునకు వచ్చుట రోగి ప్రాణముతో జూదమాడుట.

ఇంత కఠినముగా చెప్పినచో దాతలు తగ్గుదురేమో అని కొందరు శంకింతురు. రక్తము కొరతచేతను ప్రాణములు పోవును గనుక ఈ శంక త్రోసివేయదగినది కాదు. కాని నేడు ఒక్క సీసా నుండి ఎర్రకణములు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు వేరుచేసి ముగ్గురికి ఇత్తురు. ఒక శుద్ధ దాత ముగ్గురిని బ్రదికించును, ఒక అసత్యము ముగ్గురిని ముంచును. దాతలను పెంచు మార్గము నిర్భయముగా నిజము చెప్పనిచ్చుటయే.

చివరిమాట, పరీక్షలో రోగము బయటపడిన దాతను గూర్చి. అతడు ఇతరులకు మేలు చేయవచ్చి తన కీడును తెలిసికొన్నవాడు. ఆ సంగతి రక్తనిధివారు అతనికి మాత్రమే చెప్పవలెను. హెచ్.ఐ.వి. సోకినవారి గుట్టు బయటపెట్టుటయు, వారిని వెలివేయుటయు 2017లో చేసిన చట్టము నిషేధించినది. నేడు హెపటైటిస్ సి మందులతో నయమగుచున్నది, హెచ్.ఐ.వి.ని మందులతో అదుపులో నుంచవచ్చును. అట్టివానిని సంఘము పంక్తిలో కూర్చుండబెట్టి అన్నము పెట్టినప్పుడే, మరుసటి ఏట వరుసలో నిలిచిన యువకునికి "నేను ఈసారి ఇయ్యను" అని చెప్పగల ధైర్యము కలుగును. ఆ మాట చెప్పి వెనుదిరిగినవాడు రిక్తహస్తములతో పోవుటలేదు. పేరు తెలియని ఒక రోగికి అభయదానము చేసియే పోవుచున్నాడు.