దాచుకొన్నది మనకు దొరకుచున్నదా?

ధ్యానభాగము: నిర్గమకాండము 16వ అధ్యాయము



మిరపకాయలు కల్లమునకు వచ్చు దినములలో మన పల్లెలలో ఎవరికిని తీరిక యుండదు. ఎండిన కాయలను స్త్రీలు కూర్చుండి ఏరుదురు. ఎఱ్ఱకాయ ఒక ప్రక్కకు, తాలుకాయ ఒక ప్రక్కకు చేరును. తరువాత టిక్కీలు త్రొక్కి కొన్నింటిని గుంటూరు మిర్చియార్డునకు పంపుదురు. ధర రాని యెడల కొన్నింటిని కోల్డుస్టోరేజిలో పెట్టుదురు. అచ్చట పెట్టునప్పుడు రైతు ఏమి చేయును? టిక్కీల మీద తన గుర్తు వేయించును. ఎన్ని టిక్కీలో వ్రాయించి కాగితము తీసికొనును. ఆ కాగితమును ఇంటిలో భద్రపరచును. ధర ఎప్పుడు వచ్చునా, సరుకు ఎప్పుడు తీయుదునా అని వారము వారము విచారించుచుండును. గుర్తు లేకుండ, లెక్క లేకుండ, మరల తీయవలెనను తలంపు లేకుండ సరుకును లోపల వేసి వచ్చు రైతు మన ప్రాంతములో ఒక్కడైనను లేడు.

అయితే అదే రైతు, అతని భార్య, అతని పిల్లలు, వారికి వాక్యము చెప్పు మేమును సెల్‌ఫోనులో దినదినము చేయుచున్నది సరిగా అట్టి పనియే. ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో మంచి ప్రసంగము, పాట, పంటకు మందు, పచ్చడి పెట్టు విధము కనబడగానే, అందుకై పెట్టిన గుర్తును నొక్కి ‘సేవ్’ చేసికొనుచున్నాము. ‘తరువాత చూతము’ అనుకొని ముందునకు సాగుచున్నాము. ఫేస్‌బుక్ వారు ఈ వసతిని 2014లో కలిగించిరి. ఇన్‌స్టాగ్రామ్ వారు 2016 డిసెంబరులో కలిగించి, దాచినవాటిని వేరువేరు పేర్లతో అరలుగా పెట్టుకొను ఏర్పాటును 2017లో చేర్చిరి. వాట్సాప్‌లో వచ్చిన మాటకు నక్షత్రపు గుర్తు పెట్టి ఉంచుకొనవచ్చును. ఇవి మంచి సాధనములే. కాని ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, దాచినవి ఎక్కడ ఉన్నవో చూపుమని కొందరిని అడిగితిమి. చాలమంది నవ్విరి. ఒక అక్కగారు, “దాచటం తెలుసు గానీ అయ్యగారూ, తియ్యటం ఎవరికి తెలుసండీ?” అనెను.

ఇందులో దోషమేమున్నది? దాచినందుకు డబ్బు ఖర్చు కాదు, ఇంటిలో చోటు పట్టదు, ఎవరికిని నష్టము లేదు అని మీరు అడుగవచ్చును. మేమును అట్లే తలంచితిమి. మా తలంపును మార్చిన సంగతిని దాచకుండ మీకు చెప్పుచున్నాము.

కొంతకాలము క్రిందట, మా సంఘములకు చేరిన ఒక పల్లెలోని యౌవనస్థుడు తన తల్లి జబ్బుగా నున్నదనియు, ఆపరేషను జరుగబోవుచున్నదనియు, అందరును ప్రార్థింపవలెననియు ఫేస్‌బుక్‌లో వ్రాసెను. మేము బస్సులో పోవుచు దానిని చదివితిమి. మనస్సు కరిగెను. చేతులు జోడించిన బొమ్మను పెట్టితిమి. ఆ రాత్రి ప్రార్థింపవలెననియు, ఆ వారములోనే వెళ్లి చూడవలెననియు తలంచి ఆ మాటను సేవ్ చేసికొంటిమి. చేసికొన్న వెంటనే మా మనస్సు తేలికపడెను. ఒక పని ముగిసినట్లే యుండెను.

తరువాత కూడికలు వచ్చెను, పెండ్లిండ్లు వచ్చెను, కోతలు వచ్చెను. నాలుగు నెలలకు, పాత ప్రసంగమొకటి కావలసివచ్చి, దాచినవాటిని తెరచి క్రిందికి జరుపుచుండగా, గోంగూర పచ్చడికిని ట్రాక్టరు టైర్ల ప్రకటనకును నడుమ ఆ కుమారుని మాట కనబడెను. అప్పటికి ఆ తల్లి సమాధి చేయబడి మూడు నెలలు దాటెను. ఆ వార్త మాకు చేరినప్పుడు మేము పొరుగూరి కూడికలలో నుంటిమి. ఆమెయే ఈమెయని గుర్తింపనైన లేదు.

మరునాడు ఆ యింటికి వెళ్లితిమి. ఆమె భర్త మంచము వాల్చి మమ్మును కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, ఇట్లనెను: “మీరు దండం బొమ్మ పెట్టారని మా అబ్బాయి చూపించాడండి అయ్యగారూ. చూసి సంతోషపడింది. అయ్యగారు వస్తార్లే అని రెండు మూడు సార్లన్నది.” అతని మాటలో నిష్ఠూరము లేదు. ఉన్నయెడల మాకు సులువుగా నుండెడిది.

తిరిగి వచ్చుచు మేము తలపోసినది ఇది. ఆమెను లక్ష్యపెట్టలేదని చెప్పలేము, మరువకుండుటకే దాచితిమి. అయినను దాచితిమి గనుకనే మరచితిమి. దాచకయుండినయెడల ఆ బస్సులోనే కన్నులు మూసికొని ప్రార్థించియుందుము, లేదా ఆ కుమారునికి ఫోను చేసియుందుము. దాచుటవలన కలిగిన తృప్తి, చేయవలసిన పని స్థానములో కూర్చుండెను. మనము సేవ్ చేసికొన్న సంగతి ఆ మాట వ్రాసినవారికి తెలియజేయబడదు. మా సదుద్దేశము మా ఫోనులోనే యుండెను; ఆమె మంచము యొద్దకు అది చేరలేదు.

ఈ విషయమును మనస్సున ఉంచుకొని, అరణ్యములో ఇశ్రాయేలీయులకు మన్నా కురిసిన వృత్తాంతమును మరల చదివితిమి. దాచుటను గూర్చి ఇంత వివరముగా చెప్పు అధ్యాయము మరియొకటి మాకు తోచలేదు. ఆ దినపు మన్నాను మరునాటికి ఉంచుకొనవద్దని చెప్పబడినను, కొందరు ఉంచుకొనిరి. అది పురుగుపట్టి కంపు కొట్టెను. ఆరవదినమున రెండంతలు కూర్చుకొని విశ్రాంతిదినము కొరకు ఉంచుకొనిరి; అది చెడలేదు. మరియు, తమ పితరులు ఏమి తినిరో రాబోవు తరములవారు చూచునట్లు, ఒక ఓమెరు మన్నాను గిన్నెలో పోసి సన్నిధిలో ఉంచిరి, అదియు నిలిచెను. ఆహారము ఒకటే, దాచిన జనులును ఒకరే. భేదమంతయు దేనికొరకు దాచిరి అనుదానిలో నున్నది. మన ఫోనులలోని మూటను ఈ వెలుగులో విప్పి చూతము.

మొదటిది, ఆ దినమే తినవలసిన మన్నా. పొరుగువాని అక్కర ఇట్టిది. రోగి కొరకు ప్రార్థన, అత్యవసరముగా కావలసిన రక్తము, ఫీజు కట్టలేని పిల్లవాడు, ఇల్లు కాలిన కుటుంబము: ఇవి దాచుకొనదగినవి కావు. చేతిలో నుండగా పొరుగువానితో ‘రేపు’ అనవద్దని సామెతల గ్రంథము 3వ అధ్యాయము 28వ వచనము మనలను హెచ్చరించుచున్నది. సేవ్ చేయుట అనగా నోటితో చెప్పకుండ వ్రేలితో ‘రేపు’ అనుటయే గదా!

ఇచ్చట న్యాయమైన ప్రశ్న యొకటి వచ్చును. దినమునకు ఎన్నో విన్నపములు కన్నుల ఎదుట పడుచున్నవి. దూరపు ఊళ్లవారు, ఎన్నడును చూడనివారు అడుగుచున్నారు. అందరి యొద్దకు ఎట్లు పోగలము? పోలేము. మనుష్యుని కాళ్లకును చేతులకును హద్దు ఉన్నది. ఆ హద్దు పాపము కాదు. పోలేనప్పుడు అక్కడనే ఒక్క నిమిషము ప్రార్థించి, దానిని దేవుని చేతికి విడిచిపెట్టుట నిజాయితీగల పని. దగ్గరివారెవరైనను ఉన్నయెడల వారికి ఫోను చేసి చెప్పుట ఇంకను మంచిది. పోలేని సంగతిని ఒక గుర్తుతో కప్పి, చేసినట్లు తృప్తిపడుట మాత్రమే తప్పు.

రెండవది, ఎరిగిన దినము కొరకు ఉంచిన మన్నా. 2021లో నల్ల తామరపురుగు మన మిరపచేల మీద పడిన కాలము ఎవరు మరతురు? పువ్వులలో చేరి, పూత రాల్చి, కాయ పట్టనీయక, అప్పు తెచ్చి పెట్టిన పైరును రైతు తన చేతులతోనే పీకివేయునట్లు చేసెను. ఆ దినములలో సలహాలు ఫోనులలో వానవలె కురిసెను. ఒక రైతు సహోదరుడు కనబడిన ప్రతి సలహాను దాచుకొనెను. పురుగు తన చేనికి వచ్చినప్పుడు వెదకగా, శాస్త్రవేత్త చెప్పినదేదో, మందు అమ్ముకొనువాడు చెప్పినదేదో అతనికి తెలియలేదు. చేతికి దొరకినది కొట్టెను. డబ్బు పోయెను, పైరును పోయెను. కల్లములో తాలును ఏరు చేతులు ఫోనులో ఏరలేదు. నీలిరంగు జిగురు అట్టలను గూర్చి, వేపనూనెను గూర్చి చెప్పిన నాలుగు నమ్మకమైన మాటలను వేరుగా ఉంచుకొనియుండినయెడల అవి అక్కరకు వచ్చియుండును. ఎప్పుడు, దేనికి వాడుదుమో చెప్పగలిగినదానినే ఈ అరలో పెట్టవలెను. చెప్పలేనిదానిని పోనియ్యవలెను.

మూడవది, జ్ఞాపకార్థమైన ఓమెరు. మన పెద్దలు బైబిలు అట్ట లోపలి పుటలో పిల్లల జననములను, బాప్తిస్మములను, తలిదండ్రుల మరణములను వ్రాసి ఉంచిరి. నేడు చనిపోయిన భర్త పాడిన పాట, బిడ్డ మొదటి అడుగు ఫోనులో దాచబడుచున్నవి. ఇది మంచిదే. కాని ఒక సంగతి తెలిసికొనుడి. ఇతరులు పెట్టిన పాటను మనము సేవ్ చేసినప్పుడు ఆ పాట మన యొద్దకు రాదు. అది ఉన్న చోటికి దారి మాత్రమే మన యొద్ద నుండును. పెట్టినవారు దానిని తీసివేసినయెడల మన దాపులోనుండియు పోవును. కావున నిజముగా ప్రియమైనదానిని, పెట్టినవారిని అడిగి, అసలు ప్రతినే తెప్పించుకొని మన ఫోనులోను, పిల్లల ఫోనులోను ఉంచవలెను. మరియు గిన్నెలో పెట్టినది ఒక్క ఓమెరు మాత్రమే, గంపలు కాదు. అన్నిటిని జ్ఞాపకముంచుకొనుమని మనకు ఆజ్ఞ లేదు.

మరియ కూడ అన్ని సంగతులను హృదయములో భద్రము చేసికొనెను గదా అని కొందరనవచ్చును. లూకా సువార్త 2వ అధ్యాయమును నిదానించి చదువుడి. ఆమె భద్రము చేయుటయే కాదు, తలపోసికొనుచుండెను. తలపోయుట లేని భద్రత పాతిపెట్టుటతో సమానము.

దాచుటకును సమకూర్చుటకును గల భేదమును మన తెలుగుదేశము ఒకప్పుడు ఒక పరదేశిలో చూచెను. సి.పి. బ్రౌను దొర తాటియాకుల మీద ఉన్న తెలుగు గ్రంథములను ఊరూర వెదకించి తెప్పించెను. పండితులను, లేఖకులను పెట్టి, ఒక ప్రతిని మరియొక ప్రతితో పోల్చి, తప్పులు దిద్దించి, శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను. 1852లో నిఘంటువును వెలువరించెను. ఆయన కూర్చిన తాళపత్రములలో అనేకములు మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు చేరెను. ఆయన దాచినది తనతో పాతిపెట్టబడలేదు, మన పిల్లల చేతికి వచ్చెను. వెదకినవాడు ఏరెను, ఏరినవాడు ఇతరులకు ఇచ్చెను.

కాబట్టి మనము చేయదగినది కొంచెమే. మొదట దాచినవి ఎక్కడ ఉన్నవో చూడుడి. ఫేస్‌బుక్‌లో మూడు గీతల గుర్తు నొక్కి ‘సేవ్డ్’ అనుదానిని తెరువుడి. ఇన్‌స్టాగ్రామ్‌లో మీ సొంత పుటకు పోయి పైనున్న మూడు గీతలను నొక్కిన యెడల ‘సేవ్డ్’ కనబడును. వాట్సాప్‌లో నక్షత్రపు గుర్తు పెట్టినవన్నియు ఒకచోట ఉండును. చేతకానివారు మనుమని, మనుమరాలిని అడుగుడి, సంతోషముగా చూపుదురు. తరువాత రెండే అరలు చేయుడి: ‘పొలము–ఇల్లు’ ఒకటి, ‘జ్ఞాపకము’ ఒకటి. పొరుగువాని అక్కరకు అర చేయవద్దు. శనివారము సాయంకాలము, ఆదివారపు బట్టలు సిద్ధపరచుకొను వేళ, ఒక పావుగంట కూర్చుండి తాలును ఏరివేయుడి. ఏరుచుండగా ఎవరి పేరైనను కనబడినయెడల, వెంటనే లేచి ఫోను చేయుడి.

మేమును మొదటి శనివారము కూర్చుంటిమి. మూడువందల పైచిలుకు ఉన్నవి, ఉంచినవి పదునాలుగు. ఆ తల్లిని గూర్చిన మాటను తీసివేయుటకు చేయి రాలేదు. అది ‘పొలము–ఇల్లు’ అరలోనిది కాదు; ‘జ్ఞాపకము’ అరలో పెట్టితిమి. బోధించుటకు నిలువబడుటకు ముందు దానిని ఒకసారి తెరచి చూచుట మాకు అలవాటైనది.

మన చేతిలో పెట్టబడిన దినమును రేపటికి దాచక, నేడే ఖర్చుపెట్టు కృపను ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.