ఇంకొక్క మేక

(సామెతలు 27వ అధ్యాయము, 23 నుండి 27 వచనములు చదువుము)

ప్రియ చదువరీ, మేకలను గూర్చిన ఉపదేశము పరిశుద్ధ గ్రంథములో కలదని నీవెప్పుడైనను తలంచితివా? సామెతల గ్రంథములోని ఈ ఐదు వచనములు పశువులు గలవానితో నేరుగా మాటలాడుచున్నవి. మందను నిర్లక్ష్యము చేయవలదనియు, దాని స్థితిని స్వయముగా తెలిసికొనవలెననియు జ్ఞాని చెప్పుచున్నాడు. గొఱ్ఱెపిల్లలవలన బట్ట దొరకును, మేకలవలన పొలము కొనుటకు సొమ్ము చేకూరును, మేకపాలవలన ఇంటిల్లిపాదికి ఆహారము కలుగును. అయితే ఆ వచనములలో ఒక్క సంఖ్యయు లేదు. పది మేకలుండవలెనా, నూరు ఉండవలెనా అని ఆయన చెప్పలేదు. ఇంటివారికి చాలునంత అను కొలతతోనే ఆ మాట ముగియుచున్నది. ఈ “చాలు” అను చిన్న మాటను గూర్చి మనము కొంచెము ఆలోచింతము.

పాన్‌గల్ చుట్టునున్న పల్లెలను తలంచుకొనుము. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోనుండి, ఆ సంవత్సరము అక్టోబరులో వనపర్తి జిల్లాలో చేరిన నేల అది. రాతి గుట్టలు, ఎఱ్ఱని చెలకలు, నమ్మరాని వానలు. పని వెదకుకొనుచు దూరదేశములకు పోయిన పాలమూరు కూలీల కథ తెలుగువారందరు ఎరిగినదే. ఇట్టి నేలలో మేక పేదవాని బ్యాంకు. అయిదు నెలలు మోసి ఈనును. మంచి మేక రెండేండ్లలో మూడు ఈతలు ఈనును. కవలలు పుట్టుటయు అరుదు కాదు. గేదెకువలె దానికి పచ్చిగడ్డి మోపులు కోసి వేయనక్కరలేదు. రేగుకంపయు, తుమ్మకాయయు తిని బ్రదుకును. రాత్రివేళ బిడ్డకు జ్వరము వచ్చినయెడల, బడిరుసుము కట్టవలసిన దినము వచ్చినయెడల, ఒక మేకపోతును అమ్మి ఆ యిల్లాలు గండము గడుపుకొనును. కాబట్టి నాలుగు మేకలుగల పేదరాలితో “ఆశపడవద్దమ్మా” అని కడుపు నిండినవాడు చెప్పుట సిగ్గుచేటు. మేకలు కలిగియుండుట పాపము కాదు, రెండు మేకలను నాలుగు చేసికొనుటయు పాపము కాదు. దేవుడు కష్టపడువాని చేతిపనిని ఆశీర్వదించును.

అయితే శోధన ఎచ్చట ఆరంభమగుచున్నది? అది ఎన్నడును ఒకేసారి నలుబది మేకలను అడుగదు. అట్లడిగినయెడల బుద్ధిగలవాడెవడును ఒప్పుకొనడు. అది ఒక్కదానినే అడుగును. సంతలో చూడ ముచ్చటైన పెంటిమేక కనబడును. వెల కొంచెము తక్కువ. “ఇంకొక్కటే గదా! పదిటితో పదకొండవది మేయలేదా?” అని మనస్సు పలుకును. ఆ మాటలో అబద్ధము కనబడదు. పదకొండవది నిజముగానే మేయును. పండ్రెండవదానికిని అదే మాట, ఇరువదియవదానికిని అదే మాట. ప్రతి అడుగును న్యాయముగానే తోచును. త్రోవ మాత్రము ఎచ్చటకు పోవుచున్నదో కనబడదు.

ఈ శోధన మేకలవారికే రాలేదు. పాన్‌గల్ గుట్టమీద పాడుపడిన కోట నేటికిని నిలిచియున్నది. బహమనీ సుల్తాను ఫిరోజ్ షాకు రాజ్యము తక్కువ కాలేదు. విజయనగరముతో అంతకుముందు చేసిన యుద్ధములో అతడు జయము పొంది, తనకు లాభమైన సంధి చేసికొనియుండెను. అయినను 1417 ప్రాంతమున ఇంకొక్క కోట కొరకు వచ్చి దీనిని ముట్టడించెను. ముట్టడి రెండేండ్లు సాగెను. పాళెములో తెగులు పుట్టి మనుష్యులును గుఱ్ఱములును కూలిరి. తుదకు మొదటి దేవరాయల సైన్యము అతనిని ఓడించి తరిమెను. 1422లో సింహాసనమే తమ్ముడైన అహ్మద్ షా వశమయ్యెను. గుట్టక్రింద మేకలు కాయు బాలునికి ఆ గోడలు చెప్పు పాఠము ఇదియే: ఇంకొక్కటి అనునది ఉన్నదానినికూడ అడుగగలదు.

ఇప్పుడు ఆ ఇంకొక్క మేక ఏమేమి తినునో విచారింతము. ఆకును అలమును మాత్రమే తినునని అనుకొనకుము.

మొదటిది, అది కాపరి చూపును తినును. ఎనిమిది మేకలుగలవాడు ప్రతిదాని నడకను ఎరుగును. ఒకటి మేత విడిచి తల వాల్చుకొని నిలిచినయెడల సాయంకాలములోగా పశువైద్యుని పిలుచును. మంద ముప్పదియైనప్పుడు ఆ చూపు చాలదు. నట్టల మందు త్రాగించుట ఒకదానికి తప్పిపోవును, టీకా ఇంకొకదానికి తప్పిపోవును. పారుడు రోగము ఇరుకు దొడ్డిలో ప్రవేశించినయెడల ఒకదానినుండి మరియొకదానికి త్వరగా ప్రాకును. స్థితిని తెలిసికొనుమని జ్ఞాని చెప్పెను గదా! తెలిసికొనలేనన్నిటిని కూడబెట్టినవాడు ఆ ఆజ్ఞను ఎట్లు నెరవేర్చును?

రెండవది, అది బిడ్డ చదువును తినును. దీనిని మెల్లగా చదువుము. కొన్ని మేకలను ఇంటి ముసలివారు దగ్గర గట్టున మేపుకొని రాగలరు. మంద పెరిగినప్పుడు దూరము పోవలెను, చేలలో పడకుండ పరుగెత్తవలెను. ఎవరు పరుగెత్తుదురు? తండ్రి కూలికి పోవును, తల్లి నాటుకు పోవును. అప్పుడు అయిదవ తరగతి చదువుచున్న పిల్లవాని చేతికి కఱ్ఱ వచ్చును. ముందు శనివారము మాత్రమే. పిమ్మట వారములో రెండు దినములు. పిమ్మట బడిలో పేరు మాత్రమే మిగులును. ఆరు నుండి పదునాలుగు ఏండ్ల వరకు బిడ్డకు ఉచితముగా చదువు చెప్పవలెనని 2009లో చట్టమైనది. ఆ హక్కును తండ్రి కోపముతో తీసివేయడు, ప్రేమతోనే తీసివేయును. “వీనికొరకే గదా కూడబెట్టుచున్నాను” అనుకొనుచు తీసివేయును. ప్రియ చదువరీ, బిడ్డ కొరకని చెప్పి బిడ్డనే ఖర్చుపెట్టుట ఎంత విచారకరము!

మూడవది, అది పొరుగువాని మేతను తినును. 2017 జూను నెలలో తెలంగాణ ప్రభుత్వము గొల్ల కురుమ కుటుంబములకు ఇరువది గొఱ్ఱెలును ఒక పొట్టేలును చొప్పున, 75 శాతము రాయితీమీద పంచుట ఆరంభించెను. 2012 పశుగణనలో ఈ ప్రాంతమున 128 లక్షలైన గొఱ్ఱెలు 2019 గణన నాటికి 190 లక్షలాయెను. మేకలు సుమారు 49 లక్షలు. అనేక ఇండ్లకు అది ఆధారమైనది. అయితే బీడుభూమి ఆ లెక్కన పెరుగలేదు. కల్వకుర్తి, భీమా ఎత్తిపోతల మూలముగా కృష్ణ నీరు వనపర్తి పొలములకు వచ్చెను. మంద తిరిగిన చెలకలలో వరి పచ్చగా నిలిచెను. నీటికై దేవుని స్తుతింపవలసినదే. కాని మిగిలిన గుట్ట ఒక్కటే, దానిని మేయు నోళ్లు అనేకము. నీవు చేర్చిన మేక లాభము నీ యింటికి వచ్చును. అది కొరికిన రేగుకొమ్మ నష్టము ఊరందరికి పంచబడును. లాభము నాది, నష్టము మనది అను ఈ లెక్కలోనే లోభము దాగియున్నది.

ఆదికాండము 13వ అధ్యాయములో ఇదే సంగతి మనము చూచుచున్నాము. అబ్రామునకును లోతునకును ఆస్తి విస్తారమైనప్పుడు వారిద్దరిని కలిపి భరించుటకు ఆ నేల చాలకపోయెను. అప్పుడు కలహించినది పశువులు కాదు, కాపరులు. అబ్రాము పెద్దవాడు, ముందుగా కోరుకొను హక్కు అతనిది. అయినను సహోదరుని కుమారునికే ఆ హక్కును విడిచెను. లోతు నీరుగల మైదానమును చూచెను గాని అచ్చట నివసించు మనుష్యులను చూడలేదు. తుదకు ఆ ఊరినుండి ప్రాణముతో తప్పించుకొనుటయే అతనికి మిగిలెను. విడిచినవానికి వాగ్దానము దొరకెను.

“నేను ఆగినయెడల పొరుగువాడు ఆగునా? నా మేక తినని కొమ్మను వాని మేక తినును” అని నీవడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. దీనికి ఒక పల్లె ఇచ్చిన జవాబు వినుము. స్విట్జర్లాండు దేశపు కొండలలో టోర్బెల్ అను గ్రామము కలదు. 1517లోనే ఆ గ్రామస్థులు ఒక కట్టుబాటు చేసికొనిరి: శీతకాలమంతయు తన సొంత మేతతో ఎన్ని ఆవులను పోషింపగలడో అన్నిటినే ఎవడైనను వేసవిలో ఉమ్మడి బీటికి తోలవలెను; అంతకు మించి ఒక్కటియు తోలరాదు. ఏ రాజును వారిమీద దానిని రుద్దలేదు. తామే చేసికొని, తామే కాపాడుకొనిరి. ఆ బీడు వందల ఏండ్లు చెడక నిలిచెను. ఇట్టి కట్టుబాట్లను పరిశీలించి వ్రాసిన ఎలినోర్ ఆస్ట్రమ్ అను ఆమెకు 2009లో అర్థశాస్త్రములో నోబెల్ బహుమానము లభించెను.

వారి కొలతలోని జ్ఞానము గమనించితివా? సమృద్ధి కాలమునుబట్టి గాక, కఱవు కాలమునుబట్టి వారు లెక్క కట్టిరి. వారికి కఠినమైన కాలము మంచు, మనకు ఎండ. కాబట్టి నీ మేకలను పునర్వసు పుష్యమి కార్తెలలో, గుట్టంతయు పచ్చగా నున్నప్పుడు లెక్కింపకుము. అప్పుడు ఎన్నియైనను తక్కువగానే కనబడును. రోహిణి కార్తెలో, కుంట యెండి, దోటికి అందు కొమ్మ లేనప్పుడు నిలిచి చూడుము. బిడ్డను బడి మాన్పింపకుండ, అప్పు చేయకుండ, పొరుగువాని చేను తొక్కింపకుండ ఎన్నిటిని ఈ ఎండ దాటింపగలవో ఆ సంఖ్యయే నీ మంద. దానిని ఇంటిలో అందరు వినునట్లు చెప్పుము. తరువాత నలుగురు కాపరులతో కలిసి మాటలాడుము. ఒకడు నిలిచినయెడల రెండవవానికి నిలుచు ధైర్యము కలుగును.

మేకలు మాత్రము ఈనకుండ నిలువవు. ఆ సంఖ్యకు మించి పుట్టినదానిని ఏమి చేయవలెను? పోతులను తగిన కాలమున అమ్ముము. ఒక పెంటిపిల్లను మేకలేని విధవరాలికి పాలుకిమ్ము. దాని పిల్లలలో చెరిసగము మీకిరువురికి చెందును. కోతపండుగనాడు ఒకదానిని ప్రభువు మందిరమునకు తోలుకొనిపొమ్ము. అరణ్యములో ఇశ్రాయేలీయులు అవసరమునకు మించి దాచుకొన్న మన్నాకు పురుగులు పట్టెను. ఏనాటిది ఆనాడు తిన్నవారికి కొదువ లేకపోయెను. ఇచ్చుటకు తలుపు లేని దొడ్డి ఎంత పెద్దదైనను చెరసాలయే. నాబాలునకు మూడువేల గొఱ్ఱెలును వెయ్యి మేకలును ఉండెను గాని, ఆకలిగొన్న దావీదు మనుష్యులకు పెట్టుటకు అతని చెయ్యి రాలేదు.

మేకలు లేని చదువరీ, ఇది నీకు చెందదని పుట త్రిప్పకుము. నీ మంద ఇంటి స్థలములు కావచ్చును, వడ్డీకిచ్చిన సొమ్ము కావచ్చును, ఒకదానిమీద ఒకటి ఒప్పుకొనిన సభలును పదవులును కావచ్చును. దైవసేవకునికి కూడ సంఘసంఖ్య మంద కాగలదు. ఇంకొక కుటుంబము, ఇంకొక గ్రామము అని పరుగెత్తుచు, ఉన్నవారి కన్నీటిని ఎరుగకపోవచ్చును. నీ రోహిణి కార్తె ఏది? వ్యాధి దినమా, వృద్ధాప్యమా, లెక్క అప్పగించు దినమా? ఆ దినమున నిలిచి చూచి నీ సంఖ్యను నిర్ణయించుకొనుము.

లెక్కించుటలో రెండు విధములు కలవు. ఇంకెన్ని చేర్చవచ్చునో చూచుటకు లెక్కించువాడొకడు. ఏది తప్పిపోయినదో చూచుటకు లెక్కించువాడు ఇంకొకడు. మన ప్రభువు చెప్పిన ఉపమానములోని కాపరికి నూరు గొఱ్ఱెలుండెను. ఒకటి తగ్గినదని ఆ సాయంకాలము అతనికి తెలిసెను. తొంబదితొమ్మిది చాలునని అతడు కూర్చుండలేదు, తప్పిపోయినదానికి బదులు సంతలో ఇంకొకటి కొనలేదు. దానినే వెదకుటకు పోయెను. అట్టి కాపరిచేత లెక్కింపబడినవారము మనము. మన మందను మనము ఆయనవలె లెక్కింతుము గాక.

ప్రార్థన: మంచి కాపరీ, మాకు కావలసినది నీవెరుగుదువు. లేమిలో మమ్మును ఆదుకొనుము; కలిమిలో మాకు “చాలు” అను మాట నేర్పుము. మా బిడ్డలకును, మా పొరుగువారికిని, నీ గుట్టమీది పచ్చని కొమ్మకును చోటు విడుచు మనస్సు దయచేయుము. ఆమేన్.