అయిదోది దైవం

డీప్ ఫ్రీజర్‌ను ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకు మార్చేటప్పుడు మెట్ల మీద కాలు జారి హమాలీ నడుం పడిపోయిందనుకోండి. చుట్టూ చేరినవాళ్లలో ఒక్కరైనా ‘వాడి ఖర్మ, ఏం చేస్తాం’ అంటారు. కొత్త చోట ప్లగ్గు పెట్టగానే కంప్రెసర్ జామ్ అయితే ‘దిష్టి తగిలింది’ అంటారు. తెలంగాణలో ‘గాచారం’ అన్న మాట ఎప్పుడూ నాలుక చివరే ఉంటుంది. ఇలా అనేవాళ్లు దేవుణ్ని నమ్మి అంటున్నామనే అనుకుంటారు. అది నమ్మకం కాదు, శాస్త్రాన్ని తోక పట్టుకుని చదవడం అంటాను నేను. భగవద్గీత 18వ అధ్యాయం 14వ శ్లోకం ఏ పనికైనా అయిదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, అయిదోది దైవం. మొదటి నాలుగింటి లెక్క తేలకుండా అయిదోదాని పేరెత్తే హక్కు మనకు లేదు.

ఫ్రీజర్ లెక్కే చూద్దాం. కంప్రెసర్ అడుగున నూనె ఉంటుంది. లోపల తిరిగే భాగాలు అరిగిపోకుండా కాపాడేది అదే. పెట్టెను పక్కకు పడుకోబెట్టి ట్రాలీ ఆటోలో ఎక్కిస్తే ఆ నూనె గొట్టాల్లోకి పారుతుంది. అది తిరిగి దిగకముందే స్విచ్చి వేస్తే కంప్రెసర్ నూనె చాలక నలుగుతుంది. మామూలుగా నిలబెట్టి తెచ్చినా కొన్ని గంటలు, పడుకోబెట్టి తెస్తే ఒక రోజంతా ఆగమని మెకానిక్కులు చెప్పేది ఇందుకే. దిష్టి ఖాతాలో వేసింది నిజానికి మన తొందర. ఇంతకంటే బరువైన సాక్ష్యం అమెరికాలో ఉంది. అక్కడ ఒకప్పుడు పారేసిన ఫ్రిజ్‌లలో దూరి ఆడుకునే పిల్లలు, బయటి గొళ్లెం పడిపోయి ఊపిరాడక చనిపోయేవారు. 1956లో చట్టం వచ్చింది: ఇళ్లలో వాడే ఫ్రిజ్ తలుపు లోపలి నుంచి తోసినా తెరుచుకోవాలని. గొళ్లేలు పోయి అయస్కాంతపు రబ్బరు అంచులు వచ్చాయి. ఆ పసివాళ్ల నుదుటి రాత అనుకున్నది ఒక గొళ్లెం. డీప్ ఫ్రీజర్ మూతలకు తాళాలు ఇప్పటికీ వస్తున్నాయి కాబట్టి, తరలించేటప్పుడు మూతను తాడుతో బిగించి కట్టడం, ఖాళీ పెట్టెను పిల్లలు తిరిగేచోట వదలకపోవడం కూడా మన లెక్కలోవే.

‘అయిదోది అన్నంత మాత్రాన చిన్నదని ఎవరన్నారు?’ అని అడగొచ్చు. సరైన ప్రశ్నే. శంకరులు ఇక్కడ దైవమంటే కంటికి సూర్యుడిలా ఇంద్రియాలకు తోడుండే దేవతలని చెప్పి ఊరుకున్నారు. రామానుజులు మాత్రం తమ గీతాభాష్యంలో అంతర్యామి అయిన పరమాత్మ అనీ, పని నెరవేరడానికి ఆయనే ప్రధాన హేతువనీ రాశారు. ఇక్కడితో ఆపితే నా వాదన వీగిపోయినట్టే. కానీ జీవుడు చేసే ప్రయత్నాన్ని చూశాకే పరమాత్మ అనుమతి ఇస్తాడని కూడా అదే భాష్యం అంటుంది. రామానుజులు ఎంచుకున్న ఉదాహరణ బరువు మోతే కావడం విశేషం: పెద్ద బండనో చెట్టునో పదిమంది కలిసి కదిలించేటప్పుడు అందరూ హేతువులే, విధినిషేధాలు అందరికీ వర్తిస్తాయి. మరి మన ఫ్రీజర్ విషయంలో అందరూ అంటే ఎవరు? సరుకు పాడవుతుందని ముందురోజు ఫ్రీజర్ ఆపనివ్వని యజమాని ఉన్నాడు. దాంతో గోడలకు పేరుకున్న మంచు దారిలో కరిగి మెట్లన్నీ తడిపింది. 400 లీటర్ల పెట్టె ఖాళీగానే 50, 60 కిలోలు తూగుతుందని తెలిసీ, నలుగురి కూలి ఎందుకని ఇద్దరితో సరిపెట్టిన బేరం ఉంది. తిలాపాపం తలా పిడికెడు. పైగా అధిష్ఠానం అంటే ఆచార్యులిద్దరూ శరీరమనే చెప్పారు. ఇక్కడ ఆ మొదటి కారణం హమాలీ వెన్నుపూస.

గీత ఆత్మ కర్త కాదని చెప్పడానికి ఈ అయిదింటినీ లెక్కపెట్టింది గాని, సామాను మోతలో తప్పెవరిదో తేల్చడానికి కాదు కదా అని వేదాంతులు అభ్యంతరం చెబుతారు. ఒప్పుకుంటాను. కాకపోతే ఆ వెంటనే 16వ శ్లోకం, కేవలం తననే కర్తగా చూసుకునేవాడు సరిగా చూడనట్టే అంటుంది. తనను తాను ఒంటరి కర్త అనుకోవడమే తప్పయితే, ఎదుటివాణ్ని ఒంటరి కర్తను చేసి ‘వాడు చూసుకోవద్దూ’ అనడం ఇంకా పెద్ద తప్పు. 25వ శ్లోకం మరీ సూటిగా ఉంటుంది: పర్యవసానం, నష్టం, హింస, తన శక్తి, ఈ నాలుగూ చూసుకోకుండా మోహంతో మొదలుపెట్టే పని తామసం. ఫ్రీజర్‌కు చెయ్యి వేసేముందు అడగాల్సిన ప్రశ్నలు ఇంతకంటే వేరే లేవు.

అన్నీ చూసుకున్నా పెట్టెను కట్టిన కొత్త బెల్టే తెగొచ్చు. అప్పుడు దైవం అంటే కాదనను. బండి టైరు కింద నిమ్మకాయ పెట్టడం మీదా నాకు పేచీ లేదు, పెట్టెను బెల్టుతో బిగించాక పెడితే చాలు. అయితే బెల్టు ఎందుకు తెగిందన్నది ఒక ప్రశ్న, పడినవాడి ఆసుపత్రి ఖర్చు, పనికి పోలేని రోజుల కూలి ఎవరిస్తారన్నది ఇంకొకటి. మొదటిదానికి దైవం జవాబు కావచ్చు. రెండోదానికి జవాబు చెప్పాల్సింది ఫ్రీజర్ ఎవరిదో వాళ్లు.