విశ్వాసం, ఆందోళన, వైద్యం

ఆందోళనకు వైద్యం కోరడం దైవంపై నమ్మకం లేకపోవడమా? చరక సంహిత చికిత్సను మూడు విధాలుగా చెప్పింది. జపహోమాదులు దైవవ్యపాశ్రయం; ఆహారం, ఔషధాలు యుక్తివ్యపాశ్రయం; మనసును అహితమైన విషయాల నుంచి మళ్లించడం సత్త్వావజయం. దైవానికీ మందుకూ ఒకే చోట స్థానమిచ్చిన ఈ విభజనలో ప్రార్థన వైద్యానికి అడ్డు కాదు. భగవద్గీతలో అర్జునుడు కూడా తన వణుకును, విషాదాన్ని దాచుకోలేదు, కృష్ణుడికి విన్నవించుకున్నాడు. సాయం అడగడం భక్తికి లోటు కాదు.

హైదరాబాద్‌లో ఆ సాయం అందుబాటులోనే ఉంది. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో వైద్యులను కలవవచ్చు. 2022లో మొదలైన టెలి మానస్ మానసిక ఆరోగ్య సహాయవాణికి 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక చికిత్సను పౌరుల హక్కుగా గుర్తించింది.