శబ్దసాక్ష్యము

రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట, ఇంటిలోని సందడి యంతయు అణగి, వంటయింటి కుళాయినుండి జారిపడు నీటిబొట్టు సయితము స్పష్టముగా వినవచ్చు వేళ, కీబోర్డు ముందు కూర్చుండి వ్రాసికొనుట నాకు చిరకాలముగా అలవాటైన పని. ఒకనాటి రాత్రి పక్కగదినుండి నా యిల్లాలు, "ఏమండీ, ఆ టకటకలు ఎవరికి వినపడాలని?" అని అడిగినది. "రాసుకుంటున్నాను, చప్పుడు కాదా మరి?" అంటిని. "కలంతో రాసినన్నాళ్లూ కాలేదుగా!" అని ఆమె అటు తిరిగి పడుకొనినది. ఆ మాటలో విసుగు కొంత యుండవచ్చును గాని, విసుగును మించిన ప్రశ్న యొకటి దానిలో దాగియున్నదని తోచి, ఆ రాత్రి వ్రాయదలచిన దానిని విడిచి ఆ ప్రశ్ననే పట్టుకొంటిని. చేసిన పనికి చప్పుడు సాక్ష్యము కావలెనా? పని జరిగినది గనుక చప్పుడైనదా, లేక చప్పుడైనది గనుక పని జరిగినదని మనము నమ్ముచున్నామా?

మరునాటి ఉదయము ఒక కీక్యాపును పెరికి, దాని క్రింది నీలివన్నె స్విచ్చిని బోర్డునుండి ఊడదీసి, బల్లపై పరచిన తెల్లకాగితముమీద విప్పి చూచితిని. పైకప్పు, అడుగుపెట్టె, ఆ రెంటి నడుమ జారు నీలికాడ, కాడను పైకి నెట్టు సన్నని స్ప్రింగు, ఒక ప్రక్కన ఎదురెదురుగా నిలిచిన రెండు లోహపు రేకులు: జర్మనీ దేశపు చెర్రీ సంస్థ 1980లలో వెలువరించిన ఎమ్మెక్సు స్విచ్చి సంపద యంతయు ఇంతే. కాడ దిగగల లోతు 4 మిల్లీమీటర్లు. అందులో సగము కొంచెము దాటగానే రేకులు రెండును కలిసికొనును, విద్యుత్తు ప్రవహించును, అక్షరము తెరపై వెలయును. నేనంతవరకు విను చప్పుడు ఆ రేకుల కలయికదేయని నమ్మియుంటిని. అది భ్రమ. రేకుల కలయిక దాదాపు నిశ్శబ్దము. నీలికాడ చుట్టును తెల్లని తొడుగొకటి వేరుగా కలదు. ప్రక్కనున్న రేకు దానిని కొంతసేపు అడ్డగించి, వ్రేలి ఒత్తిడి సుమారు 60 గ్రాముల బరువంత కాగానే విడిచిపెట్టును. విడివడిన తొడుగు ఒక్క ఉరుకున పోయి అడుగుపెట్టెను తాకును. ఆ తాకుడే టక్కు. గర్భగుడిలో అర్చకుడు మౌనముగా అభిషేకము చేయుచుండగా, వెలుపల మండపమున ఘంట మ్రోగించువాడు వేరొకడున్నట్లు, ఒకే యింట కాపురమున్నను పని చేయువాడొకడు, చాటువాడొకడు.

అన్నంభట్టను ఆంధ్ర పండితుడు తర్కసంగ్రహమను చిన్న పుస్తకమున శబ్దమును ఆకాశగుణముగా చెప్పి, అది ధ్వన్యాత్మకమనియు వర్ణాత్మకమనియు ద్వివిధమని విభజించి, మొదటిదానికి భేరి మున్నగువానిని, రెండవదానికి భాషను ఉదాహరించినాడు. మనిషి నోట ఈ రెండును విడివడి యుండవు. 'క' అని పలికినప్పుడు వినవచ్చిన ధ్వనియే ఆ వర్ణము. కీబోర్డో, ఈ రెంటికి విడాకు లిప్పించిన యంత్రము. అకారమును నొక్కినను, మకారమును నొక్కినను, ప్రియమైన పేరును వ్రాసినను, బాకీల పట్టికను వ్రాసినను చెవికి వినవచ్చునది అదే టక్కు. వర్ణము మూగదై తెరపైకి పోవును. ధ్వని అర్థహీనమై గదిలో మిగులును. పక్కగదిలో పడుకొన్న ఆమెకు నా వ్యాసములోనుండి చేరుచున్నది భేరీభాగము మాత్రమే. ఎవరికి వినపడాలని యని ఆమె అడుగుటలో ఆశ్చర్యమేమున్నది?

అయితే సాక్ష్యము ఎల్లప్పుడును ఇంత దూరమైనది కాదు. నా యౌవనమున టైపు నేర్చుకొన్న ఇన్‌స్టిట్యూటులో, పది పండ్రెండు యంత్రములు ఒక్కసారిగా మ్రోగు ఆ ఇరుకుగదిలో, మాస్టారు మాకు వీపు త్రిప్పి కిటికీ దగ్గర నిలుచుండియే, "ఏమోయ్, నీ చిటికెనవేలు నిద్రపోతోందా?" అని హెచ్చరించెడివాడు. ఎవనిని ఉద్దేశించినాడో వానికి వెంటనే తెలిసెడిది. కాగితముమీద చూచినచో ఆ చిటికెనవ్రేలి అక్షరము వెలవెలబోయి యుండెడిది. టైపురైటరులో అచ్చుపుల్ల పోయి రూళ్లకఱ్ఱమీది కాగితమును కొట్టు దెబ్బయే అక్షరము, ఆ దెబ్బయే చప్పుడు. బలహీనమైన దెబ్బకు బలహీనమైన శబ్దము, పలుచనైన అక్షరము. అచట చెవి సాక్ష్యము కంటి సాక్ష్యముతో సమానమైన ప్రమాణము.

1985లో ఐబీఎమ్ సంస్థ వెలువరించిన మోడల్ ఎమ్ అను కీబోర్డున ఆ బంధుత్వము ఇంకను తెగిపోలేదు. రెండు కిలోలకు పైబడిన ఆ బరువైన పెట్టెలో ప్రతి మీట క్రిందను ఒక నిలువు స్ప్రింగు కలదు; అది కొంతమేరకు ఒత్తిడిని సహించి, సహింపరాని క్షణమున హఠాత్తుగా నడుమువంచును; వంగునప్పుడు తన క్రిందనున్న చిన్న సుత్తిని త్రిప్పి క్రింది పొరను నొక్కించును. వార్త పుట్టించునది ఆ వంగుటయే, చప్పుడు పుట్టించునది ఆ వంగుటయే. ఒక తల్లికి పుట్టిన కవలలవంటివి అవి. నీలిస్విచ్చిలో ఆ కవలలు ఇరుగుపొరుగువారైరి. 1970లలోని కొన్ని ఐబీఎమ్ టెర్మినళ్లలోనైతే, టైపురైటరుకు అలవాటుపడిన చెవులను ఓదార్చుటకై, పెట్టెలోపల తట్టుట తప్ప వేరు పనిలేని విద్యుదయస్కాంతము నొకదానిని అమర్చియుంచిరి. నేడు మన చేతిలోని ఫోనుతెరపై వ్రేలానగానే వినవచ్చు టక్కుకు మీటయు లేదు, స్ప్రింగును లేదు. అది ముందుగా సిద్ధపరచి దాచిన శబ్దము. చూచినవాడు చెప్పు సాక్ష్యమునుండి, విన్నవాడు చెప్పు సాక్ష్యమునకును, కడపట కూలికి చెప్పు సాక్ష్యమునకును మనము దిగివచ్చితిమి. ఐనను చెవి ఈ సాక్షులందఱిని ఒకే విధముగా నమ్ముచున్నది.

చప్పుడు మీటది కాదన్నచో మరి యెవరిది? ఈ విచారణలో దిగినవానికి స్విచ్చి యొక్కటే చాలదు. అదే నీలిస్విచ్చిని ఉక్కుపలకలో బిగించినచో శబ్దము పదునై పైస్థాయిని పలుకును. పాలికార్బనేటు పలకలో మెత్తబడి క్రిందికి దిగును. పలక అంచులను పెట్టెకు నేరుగా మరలతో బిగింపక, మెత్తని పట్టీలమీద తేలవేసినచో, దెబ్బ పెట్టెకు ప్రాకక అచటనే చల్లారును, వ్రేలికి కూడ అడుగున కాఠిన్యము తగ్గినట్లు తోచును. ఏబీఎస్ ప్లాస్టిక్కుతో పలుచగా పోసిన కీక్యాపు సన్నగా పలుకును, కొన్నాళ్లకు వ్రేళ్ల రాపిడికి అద్దమువలె నున్నబడును. పీబీటీతో దళసరిగా చేసినది గంభీరముగా పలుకును, గరుకు చాలకాలము నిలుపుకొనును. అన్నిటికంటె పొడవైన స్పేసుబారు లోపల డొల్ల. దానిని సమముగా నిలుపు ఇనుపతీగకు చిటికెడు గ్రీజు పూయనిచో వదులైన బండిచక్రమువలె గలగలలాడును. ఖాళీపెట్టె ఘటమువలె ప్రతిధ్వనించును. విద్వాంసుడు ఘటపు మూతిని పొట్టకు హత్తుకొని నాదమును మార్చినట్లు, రసికులు పెట్టెలో నురుగుపొరను కూరి దాని నోరు మూయుదురు. నేను టేకుబల్లమీద, కీబోర్డు క్రింద, నాలుగు మడతలు పెట్టిన తువాలు పరచి చూచితిని. ఆనాటి రాత్రి పక్కగదినుండి ప్రశ్న రాలేదు. స్విచ్చి మారలేదు, వ్రేళ్లు మారలేదు, అక్షరములు మారలేదు. బల్ల మాత్రము పాడుట మానినది. నా చప్పుడని నేను గర్వపడినదానిలో సగము టేకుచెట్టుదని అప్పుడు తెలిసినది.

బృహదారణ్యకోపనిషత్తున యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి బోధించుచు దుందుభిని, శంఖమును, వీణను దృష్టాంతములుగా చూపును: మ్రోగుచున్న దుందుభినుండి వెలువడు శబ్దములను వెలుపల విడివిడిగా పట్టుకొనుట శక్యము కాదు, దుందుభిని గాని దానిని మ్రోగించువానిని గాని పట్టుకొన్నచో శబ్దము పట్టుబడునని దాని తాత్పర్యము. ఆ సంభాషణయు ఒక యిల్లాలి ప్రశ్నవలననే లోతునకు దిగినదని జ్ఞప్తికి వచ్చి నాలో నేను నవ్వుకొంటిని. దుందుభిని విప్పి చూచుట యైనది. మిగిలినవాడు మ్రోగించువాడు.

మ్రోగించువానిని పరిశీలింపగా ఒక వింత బయటపడినది. సగము లోతునకే అక్షరము పుట్టుచుండగా, నా వ్రేలు అచట ఆగక, తక్కిన సగమును వేగముగా దిగి, అడుగున ఢీకొనుచున్నది. ఫలము చేతికి వచ్చిన పిమ్మట చేయు కర్మ యది. గదిలోని గోలలో పెద్దపాలు ఈ అధికప్రసంగముదే. ఇది ఏల కలిగెననగా, టైపురైటరుపై అచ్చుపుల్లను విసరుటకు బలము నిజముగా కావలసియుండెను. ఆ తరువాత కార్యాలయములలో వాడిన రబ్బరుగిన్నెల కీబోర్డులలో గిన్నె పూర్తిగా క్రుంగి అడుగు తాకిననే గాని అక్షరము పడెడిది కాదు. యంత్రములు గతించినను వాని సంస్కారము వ్రేళ్లలో నిలిచినది. పూర్వజన్మవాసన యనగా ఏమో ఇంతకంటె దగ్గరగా నేనెన్నడును చూడలేదు. కోరినది సిద్ధించెనని తెలిసికొను నేర్పులేని చేయి, సిద్ధి పిమ్మట కూడ కొట్టుచునే యుండును. మన దానధర్మములలోను, వ్రతములలోను, క్షమాపణలలోను ఈ రెండవ సగపు దెబ్బ ఎంత కలదో ఎవరికి వారు లెక్కించుకొనవలసినదే.

ఇచట పూర్వపక్షి ఊరకుండడు. చప్పుడు వ్యర్థమైనచో పూజలో ఘంట యేల? వేదమునకు స్వరమేల? నిశ్శబ్దమే శ్రేష్ఠమైనచో నీలికాడలను పారవేసి, చప్పుడు లేని కాడలను తెచ్చుకొనుమని అతడు నన్ను నిలదీయును. దానికి నాకు అనుభవమే ఉత్తరము చెప్పినది. హైదరాబాదున సాఫ్టువేరు ఉద్యోగము చేయు మా మేనల్లుడు సెలవులకు వచ్చి, "మామయ్యా, ఇది వాడి చూడు, అత్తయ్య నిద్ర చెడదు" అని ఎఱ్ఱకాడల కీబోర్డు నొకదానిని ఇచ్చిపోయినాడు. అందులో తెల్లతొడుగు లేదు, దారిలో అడ్డంకి లేదు. సుమారు 45 గ్రాముల ఒత్తిడికి కాడ వెన్నలో కత్తివలె దిగును. మొదటినాడు నేను వ్రాసినది చూడగా 'తల' అన్నచోట 'తతల' అనియు, 'మనసు' అన్నచోట 'మమనసు' అనియు పడినది. ఊరక ఆనిన వ్రేలు కూడ అక్షరము వ్రాయుచున్నది. పని జరిగినదని చెప్పువాడు లేకపోగా, పని జరుగుచున్నదని కనిపెట్టవలసిన భారము పూర్తిగా నా మనస్సుపై పడినది, ఆ మనస్సేమో అంతవరకు చెవికి జీతమిచ్చి తాను నిద్రించుచుండినది.

జపము వాచికము, ఉపాంశువు, మానసము అని మూడు విధములనియు, పెదవి మాత్రము కదలు ఉపాంశువు విధియజ్ఞముకంటె నూరురెట్లు, మానసము వేయిరెట్లు అధికమనియు మనుస్మృతి లెక్క. ఆ లెక్కలోని ఔచిత్యము నాకు ఎఱ్ఱకాడలమీద తెలిసినది. మానసజపము గొప్పదగుట నిశ్శబ్దమువలన కాదు. శబ్దము చేయు కావలిపనిని మనస్సు తానే చేపట్టుటవలన. ఆ కావలి లేని నిశ్శబ్దము నిద్రయే, 'తతల' వ్రాయు నిద్ర. కావున వాచికము నింద్యము కాదు, అది చంటిబిడ్డకు మూడుచక్రముల బండివంటిది. ఘంట అట్టిదే, నీలిస్విచ్చి అట్టిదే. నడక వచ్చిన పిమ్మటను బండిని విడువక, బండి చప్పుడునే నడక యని ఊరంతకు చాటుట మాత్రము పొరపాటు.

ఇప్పుడు పగలు నీలికాడలు, రాత్రి ఎఱ్ఱకాడలు వాడుచున్నాను. నేను వ్రాయునది ఇన్‌స్క్రిప్టు అను మీటల అమరికతో. అందులో 'క్ష' వ్రాయుటకు నేను ముందు కకారమును, పిమ్మట పొల్లును, ఆపైన షిఫ్టుతో కూడ షకారమును నొక్కుదును. నాలుగు మీటలు కదలును, అక్షర మొక్కటియే పుట్టును. వీనిలో పొల్లుమీట తీరు విచిత్రమైనది. తక్కినవి ఏదో యొకటి చేర్చును. ఇది దేనినిగాని చేర్చదు. మన వ్యాకర్తలు అచ్చులను ప్రాణములనియు హల్లులను ప్రాణులనియు అన్నారు; హల్లులో ఉన్న ప్రాణమును ఈ మీట తీసివేయును. ఐనను నీలికాడమీద దానిని నొక్కినప్పుడు తక్కిన మీటలవలెనే, అంతే ధైర్యముగా, టక్కుమనును. చెవికి శబ్దము పుట్టినది, తెరపై శబ్దము పోయినది. సాక్షి నిజమే చెప్పినాడు గాని దేనిని గూర్చి చెప్పినాడో ఎరుగడు.

రాత్రివేళ ఎఱ్ఱకాడలమీద వ్రేలిని సగములోతున ఆపుట నాకింకను పూర్తిగా పట్టుబడలేదు. వాక్యము వేడెక్కినచో చేయి మరల పాతవాసనలో పడి అడుగును మోదును. పొల్లు దగ్గర మాత్రము ఆగగలుగుచున్నాను.