మృదంగ ఋణం

ఒడిశాలోని గంజాంలో ఘుముసరం రాజవంశపు కవి ఉపేంద్ర భంజ పేరు మీద రసెల్‌కొండ భంజనగర్ అయింది. మద్దెల వాయించినవాడి పేరు మీద ఊరు వెలిసిందంటే మాత్రం నేను వినలేదు. అలాగని వాద్యగాణ్ణి మనం పొగడమని కాదు. మృదంగ విద్వాంసుడు కాలం చేస్తే సంతాప సభలో ఎవరో ఒకరు ఆయన్ని నందీశ్వరుడి అంశ అంటారు. శివతాండవానికి నంది మద్దెల వాయించాడన్న నమ్మకం నుంచి వచ్చిన మాట అది. భక్తితోనే అంటారు. కాని మనిషిని దేవుడి అంశ చేసేశాక మనకు మిగిలేది దండం పెట్టి ఇంటికి పోవడమే. అంతకన్నా పాత ఆలోచన ఒకటి మన దగ్గరే ఉంది, ఋణం. ఉన్న ప్రతివాడూ దేవతలకు, ఋషులకు, పితరులకు, తోటి మనుషులకు బాకీపడే పుడతాడని శతపథ బ్రాహ్మణం చెప్పింది. లయ విద్వాంసుణ్ణి స్మరించడమంటే ఆ బాకీని ఒప్పుకోవడమేనని నా వాదం.

విజయవాడ ఆకాశవాణి ద్వారా తెలుగువాళ్లకు దగ్గరైన మృదంగ విద్వాంసుడు దండమూడి రామమోహనరావు 2011లో కన్నుమూశారు. పక్కవాద్యం ఆయన వృత్తి. పాడేవారి ఊపిరి ఎక్కడ ఆగుతుందో ముందే పసిగట్టాలి, సంగతి విచ్చుకునేటప్పుడు చేయి తగ్గించాలి. మృదంగం ఒంటరిగా పలికే తని ఆవర్తనం కాసేపే తనది. మర్నాడు శ్రోత ఆ కచేరీని గాయకుడి పేరుతోనే తలుచుకుంటాడు. అంటే మన ఆనందంలో మృదంగానికి ఉన్న వాటా మన లెక్కలోకి రాకుండానే పోతుంది. మరి ఆ బాకీ తీరేదెలా? ఋషుల బాకీ విద్యతో తీరుతుందన్నారు పెద్దలు. నిడుమోలు రాఘవయ్య కుమార్తె సుమతి తండ్రి దగ్గర మొదలుపెట్టిన మృదంగాన్ని దండమూడి దగ్గర కొనసాగించారు, ఆయన్నే వివాహమాడారు, ఇద్దరూ ఒకే వేదిక మీద వాయించారు. మృదంగం మగవాళ్ల సొత్తు అనుకునే రోజులవి. పాల్ఘాట్ మణి అయ్యర్ అంతటివారే చాలాకాలం స్త్రీల కచేరీలకు వాయించలేదు, గాయని డి.కె. పట్టమ్మాళ్‌కు వాయించినప్పుడు అదొక విశేషమైంది. సుమతికి 2021లో పద్మశ్రీ వచ్చింది. దండమూడి గురించి మాట్లాడేటప్పుడు నంది కథ కన్నా ఈ గురుశిష్య సంబంధమే నాకు పెద్ద సాక్ష్యం.

దైవత్వం తీసేస్తే లయలో ఏం మిగులుతుందని అడగవచ్చు. దీనికి జవాబు గంజాంలోనే దొరుకుతుంది. జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద నడుస్తున్న ప్రహ్లాద నాటకం పుట్టిన జలంత్రకోట నేడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్నా, ఆట మాత్రం గంజాం పల్లెల్లో బతికింది. అందులో నరసింహుడి ముఖానికి పూజ చేస్తారు. అది పెట్టుకున్నవాడికి పూనకం వస్తే పక్కనున్నవాళ్లు పట్టుకుని ఆపాలి. ఆ ఉధృతికి దరువు తోడు కావాలి, అయితే దరువు వేసేవాడికి మాత్రం పూనకం రాకూడదు. వస్తే తాళం తప్పుతుంది, దేవుడూ నిలవడు. దేవుడు దిగివచ్చే ఆ చోట మనిషిగా మెలకువతో ఉండాల్సింది వాద్యగాడే. ఆయన్ని దేవుడి అంశ అనడం ఆ మెలకువను తక్కువ చేయడమే.

స్మృతిని బాకీల పద్దు చేస్తున్నావన్నది ఇంకో అభ్యంతరం. ఇందులో కొంత బలముంది, ఎందుకంటే ప్రేమకు లెక్కలుండవు. అయితే వడ్డీ వ్యాపారి బాకీ చెల్లించగానే సంబంధం తెగుతుంది. ఈ ఋణంలో చెల్లించేకొద్దీ సంబంధం ముదురుతుంది, పైగా మనం చూడని మనుషుల దాకా పాకుతుంది. మృదంగానికి పనస చెక్కతో పాటు ఆవు, మేక, గేదె చర్మాలు కావాలి. ఆ చర్మాలను ఎంచి, కోసి, బిగించి నాదం పలికించే పనిని తంజావూరులో తరతరాలుగా దళిత క్రైస్తవ కుటుంబాలు చేశాయి. మణి అయ్యర్ మృదంగాల వెనక అలాంటి కుటుంబానికి చెందిన పర్లాందు చేతులున్నాయి. గాయకుడు టి.ఎం. కృష్ణ ఈ చరిత్రను పుస్తకంగా రాస్తే, 2020లో ఆవిష్కరణకు వేదిక ఇస్తామన్న చెన్నై కళాక్షేత్ర తర్వాత వెనక్కి తగ్గింది. వాద్యానికి పసుపు కుంకుమ పెట్టడానికి లేని సంకోచం చర్మం ఎవరు తెచ్చారో చెప్పడానికి వచ్చింది. అంశ సిద్ధాంతం ఈ సంకోచానికి బాగా పనికొస్తుంది, నంది వాయించిన మద్దెలను ఎవరు కట్టారని ఎవరూ అడగరు కదా! శతపథం తోటి మనుషుల బాకీ అన్న మాటను పక్కన పెట్టకపోతే మాత్రం అడగక తప్పదు. కచేరీ మొదట్లో మృదంగం ఎవరు వాయిస్తున్నారో చదివినట్టే, కట్టినవారి పేరు చదవడానికి ఒక్క వాక్యం చాలు.